పెద్ద బటన్ మీద ప్లాస్టరు

రండి, దగ్గరికి జరగండి. వెనక గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి రండి, ఇది అరిచి చెప్పే కథ కాదు. ఆ కుళాయి ఎవరో సరిగ్గా కట్టలేదు, బొట్లు పడుతున్నాయి. కాస్త కట్టేసి వచ్చి కూర్చో తల్లీ. ఆఁ, అదీ! దేవుడు నీళ్ళకి నోరివ్వలేదు గానీ చెవులిచ్చాడని మా నాన్నమ్మ అనేది. చెవులున్నవాళ్ళు ఎప్పటికో ఒకప్పటికి నోరు విప్పకుండా ఉంటారా? వినండి మరి.

ఒక వీధి చివర మూడంతస్తుల మేడ ఉండేది. కట్టించినాయనకి నీళ్ళంటే భక్తి. ఒంటికి పోసుకున్న నీళ్ళు ఆ ఒక్క పనికే సరిపెట్టుకుని మురిక్కాలవలో కలిసిపోవడం పాపమని ఆయన నమ్మకం. అందుకని గోడల్లో సిమెంటు పెట్టెలు కట్టించి, వాటిలో గులకరాళ్ళు, బొగ్గు, ఇసుక పొరలు పొరలుగా పోయించాడు. పైవాళ్ళు స్నానం చేసిన నీళ్ళు ఆ పెట్టెలో వడకట్టుకుని దిగి, కిందివాళ్ళ ఫ్లష్ ట్యాంకులో నిండేవి. మోటారు లేదు, కరెంటు లేదు. నీరు పల్లమెరుగు అన్న మాటని నమ్ముకుని నడిచే ఏర్పాటు. అన్నిటికంటే పై అంతస్తు ఫ్లష్‌కి డాబా మీద పట్టిన వాననీళ్ళు. అన్నిటికంటే కింది అంతస్తు స్నానం నీళ్ళు పెరట్లో మొక్కలకి.

ఆ పెట్టె సబ్బువాసన ఆపేది, నురగ ఆపేది, రాలిన వెంట్రుకలు ఆపేది. స్నానం చేస్తూ మనిషి అన్న మాటల్ని మాత్రం ఆపేది కాదు. ఇసుకకి అవి మురికిగా తోచలేదేమో. నీళ్ళతోపాటు అవీ దిగి కింది ట్యాంకులో చేరేవి. ఎవరైనా బటన్ నొక్కగానే, అన్నవాళ్ళ గొంతుతోనే, గడగడా బైటికొచ్చేవి.

నేల అంతస్తులో రిటైరైన లెక్కల టీచరమ్మ ఉండేది. ఆవిడకి స్నానం చేస్తూ ఎక్కాలు వల్లెవేసుకునే అలవాటు. పెరట్లో పైపు పట్టుకుంటే మొక్కల మీదికి "పదమూడు మూళ్ళు ముప్పైతొమ్మిది" అని ధార కట్టేది. మొక్కలు శుభ్రంగా కాసేవి. ఆ మేడకి చుట్టాలొచ్చి, బాత్రూముకెళ్ళి, నవ్వాపుకుంటూ బైటికొస్తే, ఇంటివాళ్ళు "టీ తాగుతారా?" అనేవాళ్ళే తప్ప ఏం వినపడిందని అడిగేవాళ్ళు కాదు. ఆ మేడలో ఉన్న కట్టుబాటు అదొక్కటే: ఫ్లష్‌లో విన్నది బాత్రూము గడప దాటకూడదు. తలుపేసుకుని మనిషి అన్నమాట దేవుడికీ నీళ్ళకీ చెప్పుకున్నది. మధ్యలో మనమెవరం?

ఈ కట్టుబాటు గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

పై అంతస్తులో ఇస్త్రీ బావ, ఆయన భార్య. మధ్య అంతస్తులో ఆమె తమ్ముడు, అతని భార్య. తమ్ముడి అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు, అందరికీ చుక్కబాబే. నవ్వకండి, మీరనుకునే చుక్క కాదు, కుళాయి చుక్క. ఇంట్లో కుళాయిల మూతులన్నిటికీ సన్నజాలీలు బిగించాడు. వాటితో గాలి కలిసి ధార లావుగానే వస్తుంది గానీ నీళ్ళు సగమే. షవర్లో వేణ్ణీళ్ళు వచ్చేదాకా పడే చన్నీళ్ళకి కింద బకెట్టు, ఆ బకెట్టు నీళ్ళు గిన్నెలు నానెయ్యడానికి. అతని భార్య గలగలమ్మ, నోరు తెరిస్తే కాలువ పారినట్టే కాబట్టి ఆ పేరు, అందరితో అనేది: "మా ఆయనకి ఏడుపొచ్చినా ముందు గిన్నె కోసం వెతుక్కుంటాడు."

ఫ్లష్ ట్యాంకు మీద రెండు బటన్లుంటాయి కదా. చిన్నది నొక్కితే పైపైన సగం నీళ్ళు పోతాయి. పెద్దది నొక్కితే అడుగుదాకా ఊడ్చుకుపోతాయి. ఆ ఇంట్లో దిగిన రోజే చుక్కబాబు పెద్ద బటన్ మీద దెబ్బలకి అంటించే ప్లాస్టరు తెచ్చి అంటించాడు.

"దానికేం దెబ్బ తగిలిందండీ?" అంది గలగలమ్మ.

"తగలకుండా," అన్నాడు.

బావా బామ్మర్దీ కలిసి లాండ్రీ నడిపేవాళ్ళు. ఇస్త్రీ బావది, ఉతికే యంత్రాలు బామ్మర్దివి. బావ ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటే పెళ్ళికొడుకు కూడా కూర్చోడానికి ఆలోచించేవాడు. చుక్కబాబు చెయ్యి పడితే ఎంత మొండి యంత్రమైనా పిల్లిలా గుర్రుమనేది. అతను ఆ కొట్లో ఒక పైపు వేశాడు. ఆఖరి జాడింపు నీళ్ళు పెద్దగా మురికి ఉండవు కాబట్టి, వాటిని డ్రమ్ములోకి పట్టి, వడకట్టి, తర్వాతి వాయికి మొదటి ఉతుకుడులో వాడుకునే ఏర్పాటు. చాలా రోజులు బంగారంలా నడిచింది.

ఒకరోజు ఆసుపత్రి నుంచి వచ్చిన డాక్టర్ల తెల్లకోట్లు యంత్రంలోంచి బైటికొస్తే, ఒక్కటీ తెల్లగా లేదు. అన్నీ గులాబీరంగు.

కొట్టు నిండా జనం. బావ గొంతు వీధి దాటింది. "పొదుపట పొదుపు! వాడిన నీళ్ళు మళ్ళీ వాడితే ఇదే గతి! కొంప ముంచావు కదరా నీళ్ళ పిచ్చోడా!"

చుక్కబాబు వెళ్ళి రెంచీ తెచ్చుకుని, ఎంతో ముచ్చటపడి వేసుకున్న పైపుని తన చేత్తోనే విప్పి మూలన పెట్టేశాడు.

అందరూ వెళ్ళాక బావ యంత్రంలో చెయ్యి పెట్టి తడిమాడు. అడుగున ఏదో చుట్టుకుని ఉంది. లాగాడు. ఎర్ర తువ్వాలు! పొద్దున్న మొహం తుడుచుకుని తనే భుజాన వేసుకున్నది. కోట్లు ఎత్తి పడేస్తున్నప్పుడు జారిపోయింది. బావ అటూ ఇటూ చూశాడు, గబుక్కున చొక్కాలో దోపుకున్నాడు.

ఆ మనిషి చెడ్డవాడు కాదమ్మా. మంచివాడే. కానీ పదిమందిలో అరిచేశాడు, ఆ పదిమందినీ మళ్ళీ పోగుచేసి తప్పు నాదని ఎలా చెప్పడం? ఒక్కడికే చెబుదామన్నా వాడి మొహం చూస్తే నాలుక మడతపడుతుంది. రాత్రంతా పొర్లి, పొద్దున్నే షవర్ కింద నిలబడగానే ఆయనకి మార్గం తోచింది. నీళ్ళు ఎలాగూ వాడింటికే కదా దిగేది!

"ఒరే నీళ్ళ పిచ్చోడా!" అని మొదలుపెట్టాడు. "మొద్దు వెధవా! అంతమందిలో నేను తిడుతుంటే నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డావే! ఎదురు తిరిగి ఒక్కటి అనొద్దట్రా? ... తప్పు నాదిరా. తువ్వాలు నాది. నీ పైపు నిక్షేపంలాంటిది. మళ్ళీ బిగిద్దాం, పద."

ఆయన తత్వం అంత. చేతిపంపుకి ముందు కాసిన్ని నీళ్ళు పోస్తేగానీ నీళ్ళు రానట్టు, ముందు నాలుగు తిట్లు పోస్తేగానీ ఆయనకి అసలు మాట రాదు. చెప్పుకున్నాక గుండె తేలికపడింది. తల తుడుచుకుంటూ, ఇంకాసేపట్లో బామ్మర్ది మెట్లెక్కి వస్తాడనుకున్నాడు.

అయితే మాటలకి బరువులుంటాయి. తిట్లు నురగలాంటివి, నీళ్ళ మీద తేలతాయి. పొగిడిన మాట, మొక్కుకున్న మాట, తప్పొప్పుకున్న మాట, ఇవి గులకరాళ్ళలా అడుక్కి పోతాయి. కింద చుక్కబాబు ఎప్పట్లాగే చిన్న బటన్ నొక్కాడు. పైపైన నీళ్ళు పోయాయి.

"ఒరే నీళ్ళ పిచ్చోడా! మొద్దు వెధవా!" అంది ట్యాంకు.

బావ గొంతని చుక్కబాబు గుర్తుపట్టాడు. తర్వాత చేతులు కడుక్కుని కొట్టుకెళ్ళాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పైన బావ రోజుకో రకంగా బతిమాలేవాడు. కింద రోజుకో కొత్త తిట్టు దిగేది. దద్దమ్మ, దున్నపోతు, తలతిక్క సన్నాసి. బావకి తెలిసిన తిట్లు తక్కువేం కాదు. చుక్కబాబు అక్క కూడా షవర్ కింద కళ్ళు మూసుకుని, "దేవుడా, వీళ్ళిద్దరి నోళ్ళూ కలుపు తండ్రీ" అని మొక్కుకునేది. ఆ మొక్కులూ అడుక్కే పోయేవి.

ఇక బావకి ఉక్రోషం మొదలైంది. "మీ తమ్ముడికి ఎంత పొగరే!" అన్నాడు భార్యతో.

"వాడేం చేశాడండీ?"

"ఏం చెయ్యలేదు! అదే నేననేది!"

అంతకుమించి చెప్పలేడు, కట్టుబాటు. నీ ట్యాంకులో నా మాట వినపడలేదా అని వీడు అడగకూడదు. నీ మాట ఇలా వినపడిందేమని వాడు అడగకూడదు. కొట్లో ఇద్దరూ నోటి మాట మానేసి, వచ్చినవాళ్ళ మీదుగా మాట్లాడుకునేవాళ్ళు. "అయ్యా, ఈ చొక్కా గుండీ ఊడిందని ఆయనకి చెప్పండి," అని బావ అంటే, చొక్కా ఇవ్వడానికొచ్చిన పెద్దమనిషి పక్కకి తిరిగి, "బాబూ, నా గుండీ ఊడిందట," అని చెప్పేవాడు.

ఎంత పొదుపరి అయినా ఓర్పుని ఎన్నాళ్ళు పొదుపు చేస్తాడు? ఊరికి ఆ చివర పెద్ద హోటలుంది. దాని లాండ్రీలో యంత్రాల పని, ఉండడానికి ఇల్లు కూడా ఇస్తామన్నారు. చుక్కబాబు సరేనన్నాడు. ఆదివారం ఖాళీ చేస్తున్నామని అక్కకి కబురు గలగలమ్మే మోసుకెళ్ళింది, దారిపొడుగునా ఏడుస్తూ.

అక్క తమ్ముణ్ణి మెట్ల మీద నిలేసింది. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి ఆవిడ.

"ఏరా, నన్నొక్క మాట అడగవా?"

"అడిగితే వద్దంటావక్కా."

"అంటాను."

"అందుకే అడగలేదు."

"మీ బావ ఏమన్నా అన్నాడా?"

చుక్కబాబు బాత్రూము వైపు చూశాడు. కట్టుబాటు గుర్తొచ్చింది. "ఏమీ అనలేదక్కా," అన్నాడు.

"నీకు మొట్టమొదట మగ్గుతో నీళ్ళు పోసింది నేనురా. ఆ నీళ్ళకైనా విశ్వాసం లేదా?"

"సగం మగ్గే పోసేదానివి. పొదుపు అక్కడే అబ్బింది," అన్నాడు. ఇద్దరూ నవ్వబోయారు. అంతలో అక్క కళ్ళు తుడుచుకుంటూ పైకెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్నే లారీ వచ్చింది. సామాన్లు మోసేవాళ్ళు మంచం దింపారు, డ్రమ్ములు దింపారు, పెద్ద బీరువాని ఎత్తుకుని మెట్ల మలుపులో ఇరుక్కున్నారు. ఒక కొస చుక్కబాబు పట్టుకున్నాడు. పైన మెట్ల చివర బావ నిలబడి, ఎండిపోయిన పూలకుండీలో దీక్షగా నీళ్ళు పోస్తున్నాడు. అందులో మొక్క చచ్చి చాలా కాలమైంది.

గలగలమ్మకి ఒక పట్టుదల. వదిలిపోయే ఇల్లైనా సరే, తర్వాత వచ్చేవాళ్ళు వేలెత్తి చూపకూడదు. గదులన్నీ కడిగింది. ఆఖరికి మరుగుదొడ్డిలో పొడి చల్లి బరబరా తోమింది. నురగ లేచింది. చిన్న బటన్ నొక్కింది.

"దున్నపోతా!" అంది ట్యాంకు. నురగ కదల్లేదు.

ట్యాంకు నిండేదాకా ఆగి మళ్ళీ నొక్కింది. "దద్దమ్మా!" నురగ చెక్కు చెదరలేదు.

"ఏమండీ!" అని లోపల్నించి కేకేసింది. "ఈ నురగ పోవట్లేదు. ప్లాస్టరు పీకేస్తున్నా!"

"వద్దు వద్దు!" బీరువా కింద నుంచి చుక్కబాబు అరిచాడు. "బకెట్టుతో పొయ్యి! డ్రమ్ములో నీళ్ళున్నాయి!"

"మీ డ్రమ్ము లారీ ఎక్కేసింది మహానుభావా!"

ప్లాస్టరు చర్రున ఊడింది. గలగలమ్మ పెద్ద బటన్ మీద రెండు బొటనవేళ్ళూ పెట్టి, కాపురానికొచ్చిన నాటినుంచి ఉన్న కసి అంతా తీరేలా నొక్కి పట్టుకుంది.

ముందు చప్పుడే లేదు. తర్వాత ఎక్కడో లోతున గుడగుడమంది. ఇన్నేళ్ళూ ఎవరూ కదిలించని అడుగునీళ్ళు కదిలాయి.

"తప్పు నాదిరా," అంది ట్యాంకు, బావ గొంతుతో.

మెట్ల మీద బీరువా ఆగిపోయింది.

"తువ్వాలు నాది. నీ పైపు నిక్షేపంలాంటిది." మళ్ళీ, జలుబు చేసిన గొంతుతో: "ఇవాళైనా పైకి రారా. రెండు కప్పుల టీ పెట్టించాను." మళ్ళీ, సబ్బు కళ్ళలో పడ్డట్టు బొంగురుగా: "నిన్న అంతమందిలో అనకూడని మాటన్నాను. నాకు నిద్ర పట్టడంలేదురా." మధ్యలో అక్క గొంతు, "వీళ్ళిద్దరి నోళ్ళూ కలుపు తండ్రీ". ఒకటి కాదు, ఎన్ని ఉదయాలు మొక్కుకుందో అన్నీ, పూసల దండ తెగినట్టు. మళ్ళీ బావ. మళ్ళీ బావ. తలుపు తీసిన నేల అంతస్తు టీచరమ్మ, కట్టుబాటు తప్పకూడదని రెండు చెవులూ మూసుకుని, పందొమ్మిదో ఎక్కం గట్టిగా అందుకుంది. కంగారులో అది కాస్తా తప్పింది.

బీరువా మోసేవాడు చెమటలు కక్కుతూ అడిగాడు. "అయ్యా, దించమంటారా, ఎత్తమంటారా?"

ట్యాంకులో ఇంకా మిగిలుంది. గొడవకి ముందువి, అన్నిటికంటే పాతవి, అన్నిటికంటే బరువైనవి, ఆఖరున మెల్లగా దొర్లుకుంటూ వచ్చాయి. "మా బామ్మర్ది చెయ్యి పడితే యంత్రానికి ప్రాణమొస్తుందండీ." చుక్కబాబు ఎదురుగా బావ ఏనాడూ అనని మాట. ఆ తర్వాత, ఈ ఇంట్లో చుక్కబాబు దిగిన మొదటి రోజుది: "దేవుడా, నాకు తమ్ముళ్ళు లేరని నీ మీద కోపంగా ఉండేది. ఇవాళ్టితో సరి."

అప్పుడు నీళ్ళయిపోయాయి.

పైన బావ చేతిలో చెంబు ఒరిగిపోయి, నీళ్ళు మెట్ల మీద పడుతున్నాయి. ఇన్నాళ్ళూ తన మాటలు కిందికి చేరి, విని కూడా వాడు రాలేదనుకున్నాడు. అవి ఇప్పుడు దిగుతున్నాయా! ఆయన కిందికి ఒక్క అడుగు వెయ్యలేకపోయాడు.

చూశారా, నీళ్ళకి దిగడం వచ్చు. ఎక్కడం రాదు. చుక్కబాబు బదులు చెప్పాలంటే ఆ మేడలో పైకి పోయే పైపు ఒక్కటీ లేదు. కట్టించినాయన ఎంత తెలివిగలవాడైనా అది మాత్రం మనుషులకే వదిలేశాడు.

చుక్కబాబు బీరువా కొసని మెల్లగా మెట్టు మీద ఆనించాడు. మెట్లెక్కాడు. బావ ఎదురుగా నిలబడ్డాడు.

"బావా, పెద్ద బటన్‌కి ప్లాస్టరు వేశాను బావా. నాకు సగమే వినపడేది."

"ఒరే దద్దమ్మా!" అన్నాడు బావ. అనేసి నాలుక కరుచుకున్నాడు.

"ఆఁ, అది రోజూ విన్నాను. మిగతాది చెప్పు."

"మిగతాది ఇప్పుడు విన్నావు కదరా."

"నీళ్ళు చెప్పాయి. నువ్వు చెప్పు."

బావ చుట్టూ చూశాడు. మోసేవాళ్ళు, చెవులు మూసుకున్న టీచరమ్మ, తలుపు దగ్గర అక్క. ఆ రోజు కొట్లో ఉన్నంతమంది లేరు గానీ, ఉన్నారు. చొక్కాలోకి చెయ్యి పోనిచ్చి, లోపల బనీనులో ఇన్నాళ్ళూ దాచుకు తిరిగిన ఎర్ర తువ్వాలు బైటికి లాగాడు.

"తప్పు నాదిరా," అన్నాడు. పంపుకి ముందు నీళ్ళు పొయ్యకుండానే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

చుక్కబాబు ఆ తువ్వాలు అందుకుని బావ మొహం తుడిచాడు, తన మొహం తుడుచుకున్నాడు. తువ్వాలు తడిసింది.

"దాన్ని పిండి మొక్కకి పొయ్యరా, వృథా ఎందుకు," అన్నాడు బావ.

అక్క పకపకా నవ్వింది. దాంతో అందరికీ నవ్వొచ్చింది, బీరువా మోసేవాళ్ళకి కూడా. అంతలో లోపల్నించి గలగలమ్మ కేక:

"ఏమండీ! ఇంకా నొక్కి పట్టుకోనా? వేళ్ళు నొప్పెడుతున్నాయి!"

"వదిలెయ్!" అని పై మెట్టు నుంచి దూకినంత పనిచేశాడు చుక్కబాబు. "ఇప్పటిదాకా పట్టుకునే ఉన్నావా! ఎన్ని నీళ్ళు! ఎన్ని నీళ్ళు!"

"అయ్యా," అన్నాడు బీరువావాడు, "దించమంటారా, ఎత్తమంటారా? ఏదో ఒకటి చెప్పండి, నడుం పోతోంది."

"పైకెత్తి ఎక్కడిది అక్కడ పెట్టెయ్యండి బాబూ," అంది అక్క. "టీ పెడతాను, తాగి వెళ్ళండి."

హోటలుకి రానని కబురు వెళ్ళింది. మర్నాడు లాండ్రీలో జాడింపు నీళ్ళ పైపు మళ్ళీ బిగించారు. రెంచీ బావే పట్టుకున్నాడు, ఒక మర ఎక్కువ తిప్పి తిట్లు కూడా తిన్నాడు. ఇంకొకటి చెప్పనా? ఆ గులాబీ కోట్లు వేసుకుని పిల్లల వార్డుకెళితే పిల్లలు ఏడవడం మానేశారని, ఇకనుంచి వాళ్ళకి అవే కావాలని ఆసుపత్రి నుంచి మనిషి వచ్చాడు. అందుకని వారానికొకసారి ఎర్ర తువ్వాలుని కావాలనే యంత్రంలో వేస్తున్నారు.

చుక్కబాబు మారాడనుకోకండి. ఇప్పటికీ చిన్న బటనే. అయితే ప్లాస్టరు మళ్ళీ అంటించలేదు. ఆదివారం పొద్దున ఒక్కసారి పెద్దది నొక్కి, చేతులు కట్టుకుని నిలబడి అడుగుదాకా వింటాడు. ఆ నీళ్ళు వృథా కాదట, ఆయనే ఒప్పుకున్నాడు.

కథ విన్నారు కదా. మీ ఇళ్ళలో కుళాయిలకి జాలీలు వేసుకుంటారో, బకెట్లు పెట్టుకుంటారో, మీ ఇష్టం. వేసుకుంటే దేవుడు మెచ్చుకుంటాడు. నేను మాత్రం మీనుంచి ఒక్కటే అడుగుతున్నాను. బీరువా కొస దించేసి అతను మెట్లెక్కాడే, అది గుర్తుంచుకోండి. మీ పైనో, పక్కనో, వీధి చివరో, మీ నుంచి సగం మాటే విన్న మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఇంటికి పోయే దారిలో ఆ ఒక్క అంతస్తూ ఎక్కండి. ఎక్కి, మిగతా సగం చెప్పి రండి.